కడుపు చెప్పింది ఒకటి, రిపోర్టు చెప్పింది ఒకటి: పులిసిన ఆహారంతో నా అనుభవం

మాత్రలు ఆపేశానన్న మాట డాక్టర్ గారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి రోజుకు తొమ్మిది పది సార్లు బాత్రూమ్‌కి పరుగెత్తుతున్నాను. రాత్రి కూడా రెండుసార్లు లేవాల్సి వస్తోంది. వెళ్లిన ప్రతిసారీ రక్తం. "మందులు వేళకు వేసుకుంటున్నారా అమ్మా?" అని ఆవిడ అడిగితే తల ఊపాను. పక్కనే కూర్చున్న మా ఆయన నా వంక చూశారు కానీ ఏమీ అనలేదు. బయటికి వచ్చి పరీక్షల కాగితాలు పట్టుకుని నిలబడ్డాక మాత్రం, "ఆవిడకి నిజం తెలియకపోతే నీకు ఏ మందు ఇవ్వాలో ఎలా తెలుస్తుంది?" అన్నారు. వెనక్కి వెళ్లి తలుపు దగ్గర నిలబడే చెప్పాను. "మూడు నెలలుగా వేసుకోవట్లేదు మేడమ్. కెఫిర్ తాగుతున్నాను."

కెఫిర్ అంటే ఒక రకంగా పులియబెట్టిన పాలు. అది జరిగి నాలుగేళ్లు దాటింది. ఆ తర్వాత పులిసిన ఆహారం జోలికి వెళ్లనే లేదని అనుకోకండి. మళ్లీ మొదలుపెట్టాను, ఇప్పటికీ తింటున్నాను. కానీ మొదటిసారి ఎలా తిన్నానో, రెండోసారి ఎలా తిన్నానో చెబితే ఇదే జబ్బుతో ఉన్న మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

నా జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. ముప్పై రెండో ఏట బయటపడింది. అంతకుముందు ఆరు నెలల పాటు రక్తం పడుతుంటే మొలలు అనుకుని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. విరేచనంతో పాటు జిగురు పడటం, వెళ్లి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం మొదలయ్యాక కొలనోస్కోపీ చేశారు. పురీషనాళం నుంచి పెద్దపేగు ఎడమ భాగం వరకు లోపలి పొరంతా ఎర్రగా కందిపోయి, పుళ్లు పడి ఉంది. ఇదే కోవకు చెందిన మరో జబ్బు క్రోన్స్. అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, మధ్యమధ్యలో బాగున్న భాగాలను వదిలేస్తూ రావచ్చు, పేగు గోడ లోతుకంతా పాకవచ్చు. నాది పెద్దపేగు లోపలి పొరకే పరిమితం. రెండిట్లోనూ మన రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పి మన పేగు మీద పడుతుంది. పేగు వాపును తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి పూట అదే మందు ఎనిమాగా ఇచ్చారు. రెండు నెలల్లో రక్తం ఆగిపోయింది. "జబ్బు అణిగింది, పోలేదు. మందు మాత్రం ఆపకండి" అని డాక్టర్ గారు గట్టిగానే చెప్పారు. విన్నాను. కానీ బాగున్నవాళ్లకు ఆ మాట ఎక్కువకాలం గుర్తుండదు.

ఆ రోజుల్లోనే పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించి చదవడం మొదలుపెట్టాను. ఈ జబ్బు ఉన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గిపోతాయన్న మాట పదే పదే కనిపించింది. అది నిజమే. క్రోన్స్ ఉన్నవాళ్లలో ఫీకలిబ్యాక్టీరియం ప్రౌస్నిట్జియై అనే ఒక మంచి బ్యాక్టీరియా తక్కువగా ఉండటం పరిశోధకులు చూశారు. పేగు గోడ కణాలకు ఆహారంగా పనికొచ్చే బ్యూటిరేట్‌ను తయారుచేసే రకం అది. అక్కడి నుంచి నేను వేసిన అడుగే తప్పు. మంచి బ్యాక్టీరియా తగ్గింది కాబట్టి జబ్బు వచ్చింది, కాబట్టి బయటి నుంచి మంచి బ్యాక్టీరియా పోస్తే జబ్బు పోతుంది అనుకున్నాను. తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల తగ్గిందా అన్న ప్రశ్నే నాకు రాలేదు. పైగా పెరుగులో ఉండే బ్యాక్టీరియా, నా పేగులో తగ్గిన బ్యాక్టీరియా ఒకటే రకం కావు. ఇదీ అప్పుడు తెలియదు.

మా వదిన ఒక చిన్న సీసాలో కెఫిర్ గింజలు తెచ్చి ఇచ్చింది. గింజలంటే విత్తనాలు కావు. తెల్లగా, మెత్తగా, చిన్న చిన్న కాలీఫ్లవర్ పువ్వుల్లా ఉంటాయి. బ్యాక్టీరియా, ఈస్ట్ కలిసి కట్టుకున్న గూళ్లు అవి. పాలలో వేసి ఒక రోజు బయట ఉంచితే పాలు చిక్కబడి, కాస్త పుల్లగా, కొద్దిగా నురగతో తయారవుతాయి. వడకట్టి తాగి, గింజల్ని మళ్లీ కొత్త పాలలో వేయాలి. వారాలు గడిచేకొద్దీ అవి పెరుగుతాయి. నాకు ఆ పని ఎంత ఇష్టమైందో చెప్పలేను. ఏడాదిగా నా శరీరం నా చేతిలో లేదు. ఎక్కడికి వెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవడమే. అలాంటిది రోజూ పొద్దున్నే నా చేతులతో ఒక ప్రాణమున్న దాన్ని పెంచుతున్నాను, అది నన్ను బాగుచేస్తోంది అన్న భావన చాలా బలమైనది. మాత్రల్లో ఆ భావన దొరకదు.

నిజంగానే కడుపు తేలికగా అనిపించింది. ఉబ్బరం తగ్గింది. విరేచనం రోజుకు ఒక్కసారే. సాయంత్రం మాత్ర ఒక రోజు మర్చిపోయాను, ఏమీ కాలేదు. వారం మర్చిపోయాను, ఏమీ కాలేదు. ఆ తర్వాత మర్చిపోవడం కాదు, మానేశాను. ఈ జబ్బుకు ఉన్న పెద్ద మోసం ఇక్కడే ఉంది. మందు మానిన మర్నాడే తిరగబెడితే ఎవరూ మానరు. వారాలు, నెలలు గడిచాక, లోపల నిప్పు నిశ్శబ్దంగా రాజుకున్నాక పైకి వస్తుంది. అప్పటిదాకా బాగున్న ప్రతి రోజునూ నేను కెఫిర్ ఖాతాలో వేశాను. నిజానికి ఆ బాగుండటం అంతకుముందు వేసుకున్న మెసలమైన్ మిగిల్చి వెళ్లింది.

మూడో నెలలో తిరగబెట్టింది. ముందు కాస్త జిగురు. "మంచి బ్యాక్టీరియా చెడును బయటికి తోస్తోంది" అని ఎక్కడో చదివిన మాట నమ్మి, కెఫిర్ ఒక గ్లాసు నుంచి రెండు గ్లాసులు చేశాను. పది రోజుల్లో రక్తం. ఇలా "ముందు ముదిరి తర్వాత తగ్గుతుంది" అనే మాట ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి. ఈ జబ్బులో రక్తం కనిపించిందంటే అర్థం ఒకటే, వెంటనే చూపించుకోవాలి.

నేను తలుపు దగ్గర నిలబడి నిజం చెప్పాక డాక్టర్ గారు నన్ను తిట్టలేదు. కూర్చోమన్నారు. మందు ఆపినందువల్లే అయి ఉండొచ్చు, కానీ ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందేమో చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదన్నారు. మలాన్ని క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి కోసం పరీక్ష చేయించారు. అది లేదని తేలింది. ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ అని మరో పరీక్ష. పేగులో వాపు ఉన్నచోటికి తెల్లరక్తకణాలు చేరతాయి. వాటి నుంచి వచ్చే ప్రొటీన్ ఇది, మలంలో కలిసి బయటపడుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే మామూలు, 250 దాటితే వాపు చురుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. నాది 1,140.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తగ్గుముఖం పట్టాక వారానికి 5 చొప్పున తగ్గించారు. మెసలమైన్ మళ్లీ మొదలు. ముఖం ఉబ్బింది, నిద్ర లేదు, చిన్నదానికే ఏడుపు వచ్చేది. ఆ వారాల గురించి ఇంతకంటే రాయాలని లేదు.

స్టెరాయిడ్ పూర్తిగా ఆగిన తర్వాత వెళ్లినప్పుడు నేనే అడిగాను. "మేడమ్, అయితే ఇవన్నీ అబద్ధమేనా?" ఆ రోజు ఆవిడ అరగంట పైగా మాట్లాడారు. నా జబ్బు గురించి నాకు దొరికిన అతి విలువైన అరగంట అది.

"మీరు రెండు వేర్వేరు విషయాల్ని ఒకటి చేశారు" అన్నారు. "పులిసిన ఆహారం వేరు, ప్రొబయోటిక్ వేరు." ప్రొబయోటిక్ అనాలంటే ఏ సూక్ష్మజీవో పేరుతో సహా తెలియాలి, అది బతికి ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, దానివల్ల ఆరోగ్యానికి మేలు జరుగుతుందని మనుషుల మీద రుజువై ఉండాలి. ఇంట్లో చేసిన కెఫిర్‌లో ఏముందో, ఎంతుందో ఎవరికీ తెలియదు. ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండకపోవచ్చు. పులిసిన ఆహారాలన్నిట్లో బతికున్న బ్యాక్టీరియా ఉంటుందనీ లేదు. బ్రెడ్ పిండి పులిసిందే, కాల్చాక అందులో ఏదీ బతకదు. సావర్‌క్రాట్ అంటే ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీ; సీసాలో నింపాక వేడి చేస్తే అందులో పులుపు ఉంటుంది, ప్రాణం ఉండదు. బతికి పొట్టలోకి వెళ్లినవి కూడా ఎక్కువ భాగం అక్కడ కాపురం పెట్టవు, దారిన పోయే చుట్టాల్లా కొన్ని రోజులుండి వెళ్లిపోతాయి.

"మరి ప్రొబయోటిక్ మందులు?" అని అడిగాను. అక్కడ కథ నేను అనుకున్నంత చేదుగా లేదు, అంత తీపిగానూ లేదు. 1917లో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు ఒక సైనికుడి మలం నుంచి ఈ. కొలై అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని వేరుచేశాడు. తోటి సైనికులకు విరేచనాలు పట్టుకున్నా ఆ ఒక్కడికి రాలేదన్నదే ఆయన్ని ఆకర్షించింది. ఆ రకాన్ని దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో అల్సరేటివ్ కొలైటిస్ అణిగి ఉన్న 327 మంది మీద మెసలమైన్‌తో పోల్చి చూశారు. ఏడాదిలో తిరగబెట్టినవాళ్లు ఆ బ్యాక్టీరియా తీసుకున్నవాళ్లలో 36.4 శాతం, మెసలమైన్ తీసుకున్నవాళ్లలో 33.9 శాతం. అంటే దాదాపు సమానం. మరొకటి, పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో లోపల సంచి కుట్టినవాళ్లకు ఆ సంచిలో వచ్చే వాపు, పౌచైటిస్ అంటారు. ఇటలీలో 2000లో అలాంటి 40 మందికి, యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గాక, సగం మందికి ఎనిమిది రకాల బ్యాక్టీరియా మిశ్రమం, సగం మందికి మందు లేని ఉత్త పొడి ఇచ్చారు. తొమ్మిది నెలల్లో ఉత్త పొడి తీసుకున్న ఇరవై మందికీ తిరగబెట్టింది. మిశ్రమం తీసుకున్నవాళ్లలో ముగ్గురికే.

ఇది విని నా కళ్లు మెరిసినట్టున్నాయి. ఆవిడ వెంటనే, "ఇవి ఫలానా రకం, ఫలానా మోతాదు, ఫలానా పరిస్థితి. మీ సీసాకు వీటికి సంబంధం లేదు" అన్నారు. 2020లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ ఉన్న ఆధారాలన్నీ చూసి, అల్సరేటివ్ కొలైటిస్‌కైనా క్రోన్స్‌కైనా ప్రొబయోటిక్‌లను పరిశోధనలో భాగంగా తప్ప వాడమని చెప్పలేమంది. పౌచైటిస్‌కు ఆ ఎనిమిది రకాల మిశ్రమాన్ని మాత్రం, అదీ ఆధారం బలహీనంగానే ఉందంటూ, సూచించింది. క్రోన్స్ విషయంలో అయితే మేలు చేస్తుందనడానికి నిలబడే రుజువే లేదు.

నేను పట్టుకు తిరిగిన, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అధ్యయనం గురించి కూడా అడిగాను. 2021లో వచ్చింది. పది వారాలు పులిసిన ఆహారం బాగా తిన్నవాళ్లలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. నేను దాన్ని ప్రింట్ తీసుకుని మరీ దాచుకున్నాను. ఆవిడ ఒక్క ప్రశ్న వేశారు. "అందులో పాల్గొన్నవాళ్లు ఎవరు?" మొత్తం 36 మంది, అందరూ ఆరోగ్యవంతులు. కొలైటిస్ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో, ఆ ముక్క మీద నా చూపు ఒక్కసారీ ఆగలేదు.

"తినొద్దని అనట్లేదు" అన్నారు చివర్లో. "తిండిగా తినండి. మందు మందే. కానీ ఈసారి కడుపు మాట ఒక్కటే వినకండి, కొలిచి చూద్దాం."

అలా రెండోసారి మొదలైంది. షరతులు మూడు పెట్టారు: మెసలమైన్ ఒక్క రోజు కూడా ఆగకూడదు, జబ్బు అణిగి ఉన్నట్టు పరీక్షలో తేలాకే మొదలుపెట్టాలి, ఒకసారికి ఒకటే కొత్త ఆహారం. స్టెరాయిడ్ ఆగిన మూడు నెలలకు నా కాల్‌ప్రొటెక్టిన్ 58. ఆ కాగితం పట్టుకుని ఒక నోట్‌బుక్ కొన్నాను. తేదీ, తిన్నది, ఎంత, ఎన్నిసార్లు విరేచనం, రక్తం ఉందా, నొప్పి పదికి ఎంత, నిద్ర, టెన్షన్. టెన్షన్ గడి మా ఆయన చెబితే పెట్టాను. అది పెట్టడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది.

పెరుగుతో మొదలుపెట్టాను. రోజుకు రెండు చెంచాలు, నాలుగు రోజుల తర్వాత పావు కప్పు, ఆ తర్వాత అర కప్పు. ఏ ఇబ్బందీ లేదు. నాకు పాలు తాగితే ఉబ్బరం, పెరుగుకు అంత రాదు. దానికి కారణం తెలిసినదే. పులిసేటప్పుడు పాలలోని లాక్టోజ్ కొంత ఖర్చవుతుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమును పెరుగులోని బ్యాక్టీరియా తమతో పాటే తెచ్చుకుంటుంది. అంటే మొదటిసారి కెఫిర్‌తో నా ఉబ్బరం తగ్గడం భ్రమ కాదు. పాలు మానేసి కెఫిర్ తాగడం వల్ల ఆ మేలు జరిగి ఉంటుంది. ఉబ్బరం తగ్గడాన్ని జబ్బు తగ్గడం అనుకోవడమే నా పొరపాటు.

నెల తర్వాత కెఫిర్. ఈసారి అర గ్లాసే. మొదటి నాలుగు రోజులు గ్యాస్, తర్వాత సర్దుకుంది.

సావర్‌క్రాట్ దగ్గర తడబడ్డాను. క్యాబేజీని సన్నగా తరిగి, బరువులో రెండు శాతం ఉప్పు కలిపి, నీరు ఊరేదాకా పిసికి, ముక్కలన్నీ ఆ నీటిలోనే మునిగి ఉండేలా బరువు పెట్టి మూడు నాలుగు వారాలు వదిలేయాలి. ముక్క పైకి తేలితే బూజు పడుతుంది. నేను చేతులు, సీసా శుభ్రంగా కడిగి జాగ్రత్తగానే చేశాను. ఒక చెంచా తింటే బాగుంది. రెండు వారాలు చెంచాతోనే నడిపాను. ఒక ఆదివారం రుచి బాగుందని చిన్న గిన్నెడు తినేశాను. సాయంత్రానికి మెలితిప్పే నొప్పి. మర్నాడు ఐదుసార్లు విరేచనం. రక్తం లేదు, కానీ నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మళ్లీ మొదలైంది, మళ్లీ స్టెరాయిడ్ అనుకుంటూ ఆ రాత్రంతా ఏడ్చాను. ఆ వారమే ఆఫీసులో ఆడిటింగ్ కూడా. నోట్‌బుక్‌లో టెన్షన్ గడిలో వరుసగా ఐదు రోజులు పదికి తొమ్మిది రాసి ఉంది.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే కాల్‌ప్రొటెక్టిన్ పంపమన్నారు. రిపోర్టు వచ్చేదాకా గడిచిన మూడు రోజులు నాకు మూడు నెలలు. 62 వచ్చింది. 50 కంటే కాస్త ఎక్కువే అయినా 250కి చాలా దూరం. అంటే వాపు తిరగబెట్టలేదు. పీచు, గ్యాస్ పుట్టించే పదార్థాలు ఒక్కసారిగా ఎక్కువై, పైగా టెన్షన్ తోడై పేగు విలవిల్లాడింది, అంతే. కొలైటిస్ అణిగి ఉన్నవాళ్లలో చాలామందికి ఇలా ఇరిటబుల్ బవెల్ (వాపు లేకుండానే పేగు ఇబ్బంది పెట్టడం) లాంటి లక్షణాలు ఉంటాయట. సావర్‌క్రాట్ ఆపితే రెండు రోజుల్లో తగ్గిపోయింది.

ఆ రోజు నోట్‌బుక్ ముందు పెట్టుకుని, మొదటిసారి జరిగినదాన్ని, ఇప్పుడు జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాను. కెఫిర్ తాగి మందు మానేసిన మొదటి రెండు నెలలు కడుపు హాయిగా ఉందని చెప్పింది, లోపల మాత్రం వాపు పెరుగుతూ పోయింది. సావర్‌క్రాట్ తిన్నప్పుడు కడుపు ప్రాణం పోతోందని చెప్పింది, లోపల ఏ వాపూ లేదు. రెండుసార్లూ నా కడుపు నాకు తప్పే చెప్పింది. దాన్ని పట్టుకుని మందు మానడమూ తప్పే, దాన్ని పట్టుకుని ఒక ఆహారాన్ని జన్మలో ముట్టకూడదని ఒట్టు పెట్టుకోవడమూ తప్పే. అందుకే ఇప్పుడు మూడు నాలుగు నెలలకోసారి ఆ పరీక్ష చేయిస్తాను.

ఏడాది పాటు కొలిచాక తేలిందేమిటంటే, పులిసిన ఆహారం తిన్న నెలల్లో నా కాల్‌ప్రొటెక్టిన్ తగ్గలేదు, పెరగలేదు. 40కి, 70కి మధ్యనే తిరిగింది. ఇది నా ఒక్కదాని లెక్క, మరొకరికి అన్వయించదు. నా మటుకు నాకు మాత్రం జబ్బును అణిచి ఉంచుతున్నది మెసలమైనే అని నమ్మకం కుదిరింది. మరి ఎందుకు తింటున్నానంటే, తినగలిగినందుకు. ఈ జబ్బు మొదట లాక్కునేది తిండినే. భయంతో ఒక్కొక్కటీ మానుకుంటూ పోయి, ఒక దశలో నేను ఐదారు పదార్థాలతోనే బతికాను. పెరుగు, కెఫిర్, చెంచాడు సావర్‌క్రాట్ తిరిగి నా పళ్లెంలోకి రావడం నాకు చిన్న విషయం కాదు. పోయిన ఏడాది కొలనోస్కోపీలో పేగు లోపలి పొర నునుపుగా, లేత గులాబీ రంగులో ఉంది. తెర మీద ఆ బొమ్మ చూసి నాకు మాట రాలేదు.

కొంబుచా (పులియబెట్టిన టీ) మాత్రం నాకు పడలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

పోయిన నెల వదిన ఫోన్ చేసింది. ఆమెతో పనిచేసే ఒకాయనకు క్రోన్స్ అట, కెఫిర్ గింజలు కావాలన్నారట. ఒకప్పుడైతే ఆ సాయంత్రమే సీసా పట్టుకుని వెళ్లేదాన్ని. ఈసారి ఆయనతో మాట్లాడించమన్నాను. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అజాథయోప్రిన్ అనే మందులు రెండూ వాడుతున్నారు. చిన్నపేగులో ఒకచోట దారి సన్నబడిందని కూడా చెప్పారు. రోగనిరోధక శక్తిని తగ్గించే ఇలాంటి మందుల మీద ఉన్నవాళ్లకు, ఇంట్లో పులియబెట్టిన వాటిలో పొరపాటున చేరిన క్రిమి కూడా ప్రమాదం కావచ్చు. అరుదుగానైనా మంచి బ్యాక్టీరియా అనుకున్నదే రక్తంలోకి చేరిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దారి సన్నబడినచోట క్యాబేజీ లాంటి పీచు ఇరుక్కోవచ్చు. నాకు తెలిసినంతలో ఇవన్నీ చెప్పి, "ముందు మీ డాక్టర్ గారిని అడగండి అన్నయ్య గారూ, నేను వాడుతున్నానని మీరు మొదలుపెట్టకండి" అన్నాను. "మందులైతే ఆపను లెండి" అన్నారాయన. ఆ మాట విన్నాక నా మనసు కాస్త కుదుటపడింది.

ఆయన కోసం కొన్ని గింజలు వేరు చేసి, పాలలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. వచ్చే గురువారం ఆయనకు అపాయింట్‌మెంట్ ఉంది. అడిగి చెబుతానన్నారు.